స్టాక్‌ఫిష్‌ను కంప్యూటర్‌లో అమర్చుకుని చదరంగం సాధన చేయడం

చదరంగం ఎత్తులను లెక్కగట్టే స్టాక్‌ఫిష్ ఇంజిన్‌ను మొదటిసారి డౌన్‌లోడ్ చేసుకున్నవారిలో చాలామంది ఆ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి, తెరుచుకున్న నల్లని విండోను చూసి, ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని మూసేస్తారు. ఆ విండోలో బోర్డు గాని పావులు గాని ఉండవు. ప్రోగ్రామ్ పేరు, వెర్షన్ సంఖ్య, తయారుచేసినవారి ప్రస్తావన ఉన్న ఒక్క వరుస కనిపించి, దాని కింద కర్సర్ మిణుకుమంటూ ఉంటుంది. నేను కూడా మొదట అలాగే మూసేసి, ఫైలు సరిగా దిగలేదేమోనని మళ్ళీ డౌన్‌లోడ్ చేశాను. నిజానికి ఆ వరుస కనిపించిందంటే ఇంజిన్ సవ్యంగా నడుస్తోందని, మన ఆదేశం కోసం ఎదురుచూస్తోందని అర్థం.

చదరంగం ఆడే ఉచిత ప్రోగ్రామ్‌లలో చాలావాటికి రెండు భాగాలుంటాయి. ఎత్తులను లెక్కగట్టే భాగాన్ని ఇంజిన్ అంటారు. బోర్డును చూపించి, మౌస్‌తో పావులను కదపనిచ్చి, గడియారాన్ని నడిపి, ఆటను భద్రపరిచే భాగం వేరే ప్రోగ్రామ్. దాన్ని ఇక్కడ బోర్డు ప్రోగ్రామ్ అని పిలుస్తాను. ఈ రెండూ మాట్లాడుకునే భాషకు యూసీఐ అని పేరు. స్టెఫాన్ మేయర్-కాలెన్, రుడాల్ఫ్ హూబర్ కలిసి రూపొందించిన ఈ పద్ధతి 2000 సంవత్సరం నవంబరులో వెలువడింది. ఇద్దరికీ ఒకే భాష తెలుసు కాబట్టి ఏ ఇంజిన్‌నైనా ఏ బోర్డు ప్రోగ్రామ్‌లోనైనా అమర్చుకోవచ్చు, ఒకే బోర్డు కింద పది ఇంజిన్లను పెట్టుకుని నచ్చినదాన్ని పిలుచుకోవచ్చు. ఈ విభజన మనసుకెక్కితే తర్వాత ఎదురయ్యే చిక్కు ఏ భాగంలో ఉందో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే దీన్ని మొదటే చెప్పాను.

ఇంజిన్లు చాలా ఉన్నా స్టాక్‌ఫిష్‌నే ఎంచుకోమనడానికి కారణం దాని బలమొక్కటే కాదు. నార్వేకు చెందిన టోర్డ్ రోమ్‌స్టాడ్ రాసిన గ్లారుంగ్ అనే ఇంజిన్ కోడ్‌ను ఆధారంగా చేసుకుని ఇటలీకి చెందిన మార్కో కోస్టల్బా 2008లో దీన్ని మొదలుపెట్టారు. నార్వేలో పుట్టి ఇటలీలో వండినదనే భావంతో దీనికి ఎండుచేప అని అర్థమొచ్చే స్టాక్‌ఫిష్ పేరు పెట్టారు. కోడ్ మొత్తం జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంది, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటు నడుస్తోంది. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు తమ కంప్యూటర్లను అరువిస్తే, కోడ్‌లో చేసే ప్రతి చిన్న మార్పునూ పాత రూపంతో వేల ఆటలు ఆడించి, మెరుగని తేలితేనే చేర్చుకుంటారు. 2020 సెప్టెంబరులో వచ్చిన 12వ వెర్షన్‌తో స్థితిని అంచనా వేసే పనికి ఎన్‌ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ కూడా వచ్చి చేరింది. యు నాసు దీన్ని 2018లో జపాన్ చదరంగమైన షోగి కోసం రూపొందించారు. ఈ నెట్‌వర్క్ సాధారణ ప్రాసెసర్ మీదే నడుస్తుంది కనుక ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.

సరైన ఫైలును ఎంచుకోవడం

ఇంజిన్‌ను దాని అధికారిక సైటు స్టాక్‌ఫిష్‌చెస్ డాట్ ఆర్గ్ నుంచే తీసుకోవాలి. డౌన్‌లోడ్ పేజీలో విండోస్, మాక్, లినక్స్‌లకు విడివిడిగా ఫైళ్ళుంటాయి. ఒక్కో సిస్టమ్‌కు మళ్ళీ ప్రాసెసర్‌ను బట్టి రకాలుంటాయి. పేర్లలో కనిపించే ఏవీఎక్స్2, బీఎమ్‌ఐ2, ఎస్‌ఎస్‌ఈ41-పాప్‌కౌంట్ వంటి మాటలు ప్రాసెసర్‌కు తెలిసిన ప్రత్యేక సూచనల పేర్లు. ఎక్కువ సూచనలను వాడుకునే ఫైలు వేగంగా నడుస్తుంది. మన ప్రాసెసర్‌కు ఆ సూచనలు తెలియకపోతే మాత్రం అది అసలు నడవదు.

ఇంటెల్‌లో 2013లో వచ్చిన హాస్‌వెల్ తరం నుంచి, ఏఎమ్‌డీలో రైజెన్ తరాల నుంచి ఏవీఎక్స్2 ఉంది కనుక ఆ రకాన్ని నిశ్చింతగా ఎంచుకోవచ్చు. అయితే ఇంటెల్ పెంటియమ్, సెలెరాన్ పేర్లతో వచ్చిన చాలా ప్రాసెసర్లలో ఆ తర్వాతి కాలంలో కూడా ఇది లేదు. బీఎమ్‌ఐ2 విషయంలో ఒక మెలిక ఉంది. రైజెన్ తొలి రెండు తరాల నిర్మాణాలు, అంటే జెన్ 1, జెన్ 2, ఈ సూచనలను గుర్తిస్తాయి కానీ వాటిలో ఇంజిన్‌కు ముఖ్యమైన ఒకదాన్ని చాలా నెమ్మదిగా నడుపుతాయి. అందువల్ల అవి ఉన్నవారికి ఏవీఎక్స్2 ఫైలే మేలు. ఏది పనిచేస్తుందో తేలకపోతే వేగవంతమైన రకంతో మొదలుపెట్టి, నడవకపోతే ఒక్కో మెట్టు దిగితే సరిపోతుంది. నా పాత ల్యాప్‌టాప్‌లో బీఎమ్‌ఐ2 ఫైలు తెరిచినప్పుడు విండో కనిపించీ కనిపించకముందే మూసుకుపోయేది, ఏ హెచ్చరికా వచ్చేది కాదు. అలా జరిగితే ఫైలు పాడైందని అనుమానించనక్కర్లేదు, ప్రాసెసర్‌కు మించిన రకాన్ని ఎంచుకున్నామని గుర్తించాలి.

డౌన్‌లోడ్ అయిన జిప్ ఫైలును విప్పి, లోపలి ఫోల్డర్‌ను శాశ్వతంగా ఉండే చోటికి మార్చాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దీన్ని పట్టించుకోకపోతే తర్వాత చాలా సమయం వృథా అవుతుంది. బోర్డు ప్రోగ్రామ్ ఇంజిన్‌ను తనలోకి కాపీ చేసుకోదు, అది ఉన్న చోటును మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంచి అమర్చుకుని, కొన్నాళ్ళకు ఆ ఫోల్డర్‌ను శుభ్రం చేస్తే, ఆ రోజు నుంచి ఇంజిన్ మొరాయిస్తుంది. జిప్‌ను విప్పకుండా లోపలి నుంచే నడిపినా ఇదే గతి. విండోస్‌లో చదరంగానికంటూ ఒక ఫోల్డర్ చేసుకుని, ఇంజిన్లన్నింటినీ అందులోనే ఉంచడం నా అలవాటు.

లినక్స్‌లో ఉబుంటు, డెబియన్ రకాలు వాడేవారు ప్యాకేజీల నుంచే స్టాక్‌ఫిష్‌ను స్థాపించుకోవచ్చు. అలా చేస్తే అది యూఎస్‌ఆర్ ఫోల్డర్‌లోని గేమ్స్ ఫోల్డర్‌లోకి చేరుతుంది, వెర్షన్ మాత్రం కాస్త పాతదై ఉండవచ్చు. సైటు నుంచి నేరుగా దించుకుంటే ఆ ఫైలుకు నడిచే అనుమతి ఉందో లేదో చూసి, లేకపోతే ఇవ్వాలి. మాక్‌లో ప్రోగ్రామ్‌లను స్థాపించిపెట్టే హోమ్‌బ్రూ ద్వారా తెచ్చుకోవడం సులువు.

బోర్డుకు ముందు ఒక పరీక్ష

బోర్డు ప్రోగ్రామ్ జోలికి వెళ్ళకముందే ఇంజిన్‌తో నేరుగా నాలుగు మాటలు మాట్లాడి చూడమని నేను గట్టిగా చెబుతాను. ఐదు నిమిషాల పని ఇది. కింద తెలుగులో రాసిన ఆదేశాలను ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో టైప్ చేసి, ప్రతిదాని తర్వాత ఎంటర్ నొక్కాలి.

నల్లని విండోలో మొదట "యూసీఐ" (uci) అని టైప్ చేయండి. ఇంజిన్ తన పేరు చెప్పి, తనకున్న సెట్టింగులను వరుసగా చూపించి, చివర "యూసీఐఓకే" అంటుంది. తర్వాత "ఈజ్‌రెడీ" (isready) అని అడిగితే "రెడీఓకే" అని జవాబిస్తుంది. ఇప్పుడు ఒక స్థితిని ఇద్దాం. "పొజిషన్ స్టార్ట్‌పోస్ మూవ్స్ ఎఫ్2ఎఫ్3 ఈ7ఈ5 జీ2జీ4" (position startpos moves f2f3 e7e5 g2g4) అని టైప్ చేయండి. ప్రారంభ స్థితి నుంచి తెల్లపావులవారు ఎఫ్ బంటును ఒక గడి, నల్లవారు ఈ బంటును రెండు గళ్ళు, మళ్ళీ తెల్లవారు జీ బంటును రెండు గళ్ళు ముందుకు జరిపారని దీని అర్థం. గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డు వరుసను తెలుపుతుంది. దీనికి ఇంజిన్ ఏ బదులూ ఇవ్వదు, కంగారు పడకండి. "డీ" (d) అనే ఒక్క అక్షరం టైప్ చేస్తే గీతలతో, అక్షరాలతో బోర్డును గీసి చూపుతుంది. స్థితి సరిగా అందిందో లేదో అక్కడ చూసుకోవచ్చు.

ఇక "గో డెప్త్ 10" (go depth 10) అనండి. కళ్ళు ఆర్పేలోగా జవాబు వస్తుంది. వచ్చిన వరుసల్లో "స్కోర్ మేట్ 1" అని, చివర "బెస్ట్‌మూవ్ డీ8హెచ్4" అని ఉండాలి. నల్ల మంత్రి హెచ్4 గడికి వచ్చి ఒక్క ఎత్తులో ఆట కట్టిస్తుందన్నమాట. చదరంగంలో అతి తక్కువ ఎత్తుల్లో ఆట కట్టే తీరు ఇదే. ఇక్కడ వేరే జవాబు సాధ్యం కాదు కనుక పరీక్షకు ఇంతకంటే మంచి స్థితి లేదు. ఆ రెండు మాటలు కనిపించాయంటే ఇంజిన్ పక్కా. ఇకపై ఏ తేడా వచ్చినా బోర్డు ప్రోగ్రామ్ వైపే వెతకాలి. "క్విట్" (quit) అంటే విండో మూసుకుంటుంది.

బోర్డు ప్రోగ్రామ్

విండోస్‌లో ఏళ్ళ తరబడి అరీనా అనే ఉచిత ప్రోగ్రామ్‌ను జనం వాడుతున్నారు. రూపం పాతకాలం నాటిదే అయినా ఆడటానికీ విశ్లేషణకూ సరిపోతుంది. క్యూట్ చెస్ విండోస్, లినక్స్ రెండింటిలోనూ నడుస్తుంది, ఇంజిన్లను ఒకదానితో ఒకటి ఆడించడానికి అది బాగుంటుంది. ఎన్ క్రోసాంట్ కొత్తది, చూడముచ్చటగా ఉంటుంది, మాక్‌లో కూడా పనిచేస్తుంది. వేల ఆటలను దాచుకుని వెతుక్కోవాలంటే స్కిడ్ వర్సెస్ పీసీ ఉంది. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారికి మాత్రం నేను లూకాస్ చెస్‌ను చూపిస్తాను. రకరకాల బలాల ఇంజిన్లు అందులో ముందే అమర్చి ఉంటాయి, అభ్యాసాలు కూడా చాలా ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోనులో అయితే డ్రాయిడ్‌ఫిష్ స్థాపించుకుంటే స్టాక్‌ఫిష్ దానితోపాటే వస్తుంది.

అమర్చే విధానం అన్నింటిలోనూ దాదాపు ఒక్కటే. అరీనాలో ఇంజిన్స్ మెనూలో ఇన్‌స్టాల్ న్యూ ఇంజిన్ అన్నదాన్ని ఎంచుకుని, ఇందాక శాశ్వత ఫోల్డర్‌లో పెట్టిన స్టాక్‌ఫిష్ ఫైలును చూపించాలి. ఏ రకం ఇంజిన్ అని అడిగితే యూసీఐ అని చెప్పాలి. అక్కడ విన్‌బోర్డ్ అని కూడా కనిపిస్తుంది. అది యూసీఐకి ముందునాటి పద్ధతి, స్టాక్‌ఫిష్‌కు ఆ భాష రాదు. క్యూట్ చెస్‌లో అయితే టూల్స్ మెనూలోని సెట్టింగ్స్‌లో ఇంజిన్స్ భాగానికి వెళ్ళి కొత్తది చేర్చాలి. ఇలా చేర్చిన తర్వాత ఇంజిన్ పేరు జాబితాలో కనిపిస్తే పని ముగిసినట్టే.

థ్రెడ్స్, హాష్

సెట్టింగుల జాబితా చూసి బెదరనక్కర్లేదు. వాటిలో రెండింటిని సరిచేస్తే చాలు, మిగతావి ఉన్నవి ఉన్నట్టే వదిలేయవచ్చు.

థ్రెడ్స్ అంటే ఒకేసారి ఎన్ని దారుల్లో లెక్క సాగాలన్నది. మొదట 1 అని ఉంటుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్‌ను ఒకే దారిలో నడపడమంటే మూడొంతుల శక్తిని ఖాళీగా ఉంచడమే. అలాగని ఉన్నవన్నీ ఇచ్చేస్తే బోర్డు ప్రోగ్రామ్‌కే ఊపిరాడదు, మౌస్ కూడా తడబడుతుంది. ఒకటి రెండు మిగిల్చి తక్కినవి ఇవ్వడం మంచిది. ల్యాప్‌టాప్‌లో గంటల తరబడి విశ్లేషణ నడిపేవారు వేడిని కూడా చూసుకోవాలి. ఫ్యాన్ హోరెత్తి, ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటే ఎక్కువ థ్రెడ్లు ఇచ్చిన లాభం దక్కదు. ఒకటి కంటే ఎక్కువ థ్రెడ్లతో నడిపినప్పుడు అదే స్థితిని రెండుసార్లు ఇస్తే ఇంజిన్ రెండు వేర్వేరు లెక్కలు, ఒక్కోసారి రెండు వేర్వేరు ఎత్తులు చెబుతుంది. దారులు ఏ క్షణంలో ఏది ముందుందన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది కనుక అలా జరుగుతుంది. అది లోపం కాదు.

హాష్ అనేది ఇంజిన్ జ్ఞాపకం. చదరంగంలో వేర్వేరు ఎత్తుల వరుసలు ఒకే స్థితికి చేరుతూ ఉంటాయి. ఒకసారి లెక్కగట్టిన స్థితిని గుర్తుపెట్టుకుంటే మళ్ళీ లెక్కించనక్కర్లేదు. స్టాక్‌ఫిష్‌లో మొదట 16 మెగాబైట్లే కేటాయించి ఉంటుంది, అది లోతైన విశ్లేషణకు చాలదు. 8 గిగాబైట్ల మెమరీ ఉన్న కంప్యూటర్‌లో 1024 మెగాబైట్లు ఇస్తే హాయిగా నడుస్తుంది. మెరుపు ఆటలకు అంత కూడా అవసరం లేదు. ఎక్కువ ఇస్తే ఇంకా బలపడుతుందనుకుని నేనొకసారి అదే మెమరీలో 6 గిగాబైట్లు ఇచ్చాను. బ్రౌజరు, బోర్డు ప్రోగ్రామ్, సిస్టమ్ అన్నీ మిగిలిన కాస్త జాగాలో ఇరుక్కుని, సిస్టమ్ మెమరీకి బదులు డిస్కును వాడుకోవడం మొదలుపెట్టింది. సెకనుకు ఎన్ని స్థితులు లెక్కించిందో చూపే ఎన్‌పీఎస్ సంఖ్య కళ్ళముందే పడిపోయింది. ఆ సంఖ్య మీద ఒక కన్ను వేసి ఉంచితే సెట్టింగు మేలు చేసిందో కీడు చేసిందో తెలుసుకోవడానికి వేరే సాధనం అక్కర్లేదు.

దానితో ఆడటం

పూర్తి బలంతో ఉన్న స్టాక్‌ఫిష్‌తో ఆడి గెలవడం మనుషులకు సాధ్యం కాదు. 1997 మే నెలలో డీప్ బ్లూ అప్పటి ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను 3.5–2.5 తేడాతో ఓడించడానికి ప్రత్యేకంగా తయారుచేసిన సూపర్ కంప్యూటర్ కావలసి వచ్చింది. ఇప్పుడు అంతకు మించిన బలం మామూలు ల్యాప్‌టాప్‌లో ఉంది. కాబట్టి ఆడాలంటే దాని బలాన్ని తగ్గించాలి. అందుకు రెండు దారులున్నాయి. స్కిల్ లెవెల్ అనే సెట్టింగును 0 నుంచి 20 వరకు పెట్టవచ్చు, 20 అంటే పూర్తి బలం. లేదా యూసీఐ లిమిట్ స్ట్రెంగ్త్ అన్నదాన్ని టిక్ చేసి, యూసీఐ ఈలో దగ్గర రేటింగ్, అంటే ఆటగాడి బలాన్ని కొలిచే సంఖ్యను ఇవ్వవచ్చు. ఇటీవలి వెర్షన్లలో ఇది 1320 నుంచి 3190 వరకు ఉంటుంది. టిక్ పెట్టకుండా సంఖ్య మాత్రమే మారిస్తే ఏ ప్రభావమూ ఉండదు. ఇంజిన్ ఎంత తగ్గించినా కనికరించడం లేదని వాపోయేవారు ముందు ఆ టిక్‌ను చూసుకోవాలి.

ఇలా తగ్గించిన ఆట మనిషి ఆటలా ఉంటుందని మాత్రం ఆశించకూడదు. బలం తగ్గించినప్పుడు ఇంజిన్ తనకు తోచిన మంచి ఎత్తుల్లోంచి అప్పుడప్పుడు కావాలని నాసిరకం ఎత్తును తీసుకుంటుంది. అందుకే వరసగా ఎన్నో ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి, ఉన్నట్టుండి పావును ఊరికే వదిలేస్తుంది. మనుషులు చేసే తప్పులు అలాంటివి కావు. మనిషిలాంటి ప్రత్యర్థే కావాలనుకునేవారికి 2020లో పరిశోధకులు విడుదల చేసిన మైయా ఉంది. మనుషులు ఆడిన ఆటల నుంచి, ఆ స్థాయి మనిషి ఏ ఎత్తు వేస్తాడో ఊహించడం నేర్చుకున్న నెట్‌వర్క్‌లు అవి, 1100 నుంచి 1900 రేటింగ్ వరకు విడివిడిగా దొరుకుతాయి. లీలా చెస్ జీరో అనే మరో ఉచిత ఇంజిన్‌లో వీటిని పెట్టి, ఎత్తుకు ఒక్క నోడ్ (అంటే ఒక్క స్థితి) మాత్రమే లెక్కించేలా ఆంక్ష పెట్టి ఆడాలి. ఆ ఆంక్ష లేకపోతే అది ముందుచూపుతో వెతకడం మొదలుపెట్టి మనిషితనాన్ని కోల్పోతుంది.

విశ్లేషణ: ఇంజిన్ అసలు విలువ

నా దృష్టిలో స్టాక్‌ఫిష్‌ను స్థాపించుకోవడానికి ముఖ్యమైన కారణం ఇది. మనం ఆడి ముగించిన ఆటను దానికి చూపించి, ఎక్కడ దారి తప్పామో తెలుసుకోవచ్చు. ఆట నడుస్తుండగా మాత్రం దాన్ని తెరవకూడదు. ఎదుట మరో మనిషి ఉన్న దాదాపు ఏ ఆటలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా టోర్నమెంట్‌లోనైనా, ఇంజిన్ సాయం తీసుకోవడం మోసం. పట్టుబడితే ఖాతాలు మూసేస్తారు, నిషేధాలు విధిస్తారు.

విశ్లేషణ మొదలుపెట్టగానే మూడు వివరాలు కనిపిస్తాయి. డెప్త్ అంటే ఎన్ని అర ఎత్తుల (ఒక పక్షం వేసే ఒక్కో ఎత్తును అర ఎత్తుగా లెక్కిస్తారు) లోతు వరకు చూసిందన్నది. అయితే ఆ లోతు వరకు ప్రతి ఎత్తునూ చూస్తుందనుకోకూడదు, పనికిరావని తోచిన కొమ్మలను అది మధ్యలోనే నరికేస్తుంది. స్కోరు ఎవరి పక్షాన ఎంత మొగ్గు ఉందో చెబుతుంది. మూడవది ఎత్తుల వరుస, ఇరువైపులా మేలైన ఆట సాగితే ఇలా నడుస్తుందని ఇంజిన్ ఊహ.

స్కోరు విషయంలో రెండు అపోహలు తొలగించుకోవాలి. ఒకప్పుడు +1.00 అంటే ఒక బంటు ఆధిక్యం అని చెప్పేవారు. 2022 డిసెంబరులో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి స్టాక్‌ఫిష్‌లో దాని అర్థాన్ని మార్చారు. +1.00 అంటే తనతో సమానమైన ఇంజిన్ మీద ఆ స్థితిలో గెలిచే అవకాశం సగం ఉందని. ఇక రెండవది: యూసీఐ భాషలో ఇంజిన్ ఎప్పుడూ ఎత్తు వేయవలసినవారి వైపు నుంచి స్కోరు చెబుతుంది. చాలా బోర్డు ప్రోగ్రామ్‌లు దాన్ని తెల్లపావుల వైపు నుంచి మార్చి చూపుతాయి, కొన్ని మార్చవు. నల్లవారి వంతు వచ్చినప్పుడల్లా గుర్తు తారుమారవుతోందంటే ఇదే కారణం.

విశ్లేషణకు మల్టీపీవీ అనే సెట్టింగును 3కు పెంచండి. అప్పుడు ఒక్క ఉత్తమ ఎత్తుతో ఊరుకోకుండా మూడు మంచి ఎత్తులను పక్కపక్కన చూపిస్తుంది. మొదటిదానికీ మూడోదానికీ తేడా 0.2 లోపే ఉంటే అక్కడ ఏది ఆడినా ఫరవాలేదని, మీకు అర్థమైన ఎత్తునే ఆడవచ్చని తెలుస్తుంది. మొదటిది ఒక్కటే నిలిచి మిగతావి కుప్పకూలితే అది ఆగి ఆలోచించవలసిన చోటు.

ఒక ఉదాహరణను బోర్డు మీద పెట్టి చూడండి. తెల్లవారు బంటును ఈ4కు, నల్లవారు ఈ5కు జరుపుతారు. తెల్ల గుర్రం ఎఫ్3కు, నల్ల గుర్రం సీ6కు వస్తాయి. తెల్ల శకటు సీ4కు వస్తే, నల్లవారు సీ6లోని గుర్రాన్నే డీ4కు దూకిస్తారు. ఇప్పుడు ఈ5 బంటుకు కాపలా లేదు. చాలామంది సంతోషంగా గుర్రంతో దాన్ని కొట్టేస్తారు. నేను కూడా ఎన్నోసార్లు కొట్టాను. ఇక్కడ ఇంజిన్‌ను వెంటనే నడపకండి. నల్లవారి తర్వాతి ఎత్తు ఏమై ఉంటుందో రెండు నిమిషాలు ఆలోచించి, మీ జవాబును కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత విశ్లేషణ మొదలుపెట్టండి.

నల్ల మంత్రి జీ5కు వస్తుంది. ఆ ఒక్క గడి నుంచి అది ఈ5 గుర్రాన్నీ, జీ2 బంటునూ ఒకేసారి గురిపెడుతుంది. ఇప్పుడు తెల్లవారికి మరో ఎర కనిపిస్తుంది: గుర్రంతో ఎఫ్7 బంటును కొడితే మంత్రినీ హెచ్8 ఏనుగునూ ఒకేసారి బెదిరించవచ్చు. ఆ ఎత్తును బోర్డు మీద వేసి ఇంజిన్‌ను చూడండి. స్కోరు ఒక్కసారిగా నల్లవారి వైపు దూకుతుంది. మంత్రి జీ2 బంటును కొట్టి హెచ్1 ఏనుగు మీదికి వస్తుంది. ఏనుగు ఎఫ్1కు తప్పుకుంటే మంత్రి ఈ4 బంటును కొట్టి చెక్ చెబుతుంది. శకటును ఈ2కు అడ్డం పెడితే, డీ4 గుర్రం ఎఫ్3కు దూకి ఆట కట్టిస్తుంది. మంత్రికీ రాజుకీ మధ్య ఇరుక్కున్న ఆ శకటు గుర్రాన్ని కొట్టలేదు, చుట్టూ ఉన్న సొంత పావులే రాజుకు దారి ఇవ్వవు.

ఇక్కడ ఇంజిన్ చెప్పింది స్కోరు, దాని వెనుక ఎత్తుల వరుస, అంతే. జీ5 గడి నుంచి రెండు గురులు ఉన్నాయన్న కారణాన్ని మనమే వెతికి, మన మాటల్లో రాసుకోవాలి. నేను ప్రతి ఆటకూ మొదట ఇంజిన్ లేకుండా నా అభిప్రాయాలను ఎత్తుల పక్కన రాసి, తర్వాతే దాన్ని నడిపి, మేమిద్దరం విభేదించిన చోట్లలో రెండు మూడింటిని మాత్రమే లోతుగా చూస్తాను. ఇంజిన్ జవాబు అర్థం కాకపోతే, మనసులో ఉన్న ఎత్తును బోర్డు మీద వేసి, దాన్ని ఖండించి చూపమని ఇంజిన్‌ను అడగాలి. ఒక్కో ఎత్తు వేస్తూ దాని బదులు చూస్తూ పోతే నాలుగైదు ఎత్తుల్లో కారణం బయటపడుతుంది.

కొన్ని పావులే మిగిలినప్పుడు

ఆట చివరి దశకు టేబుల్‌బేస్‌లు అనే అదనపు ఫైళ్ళున్నాయి. రోనాల్డ్ డి మాన్ 2013లో రూపొందించిన సిజిజీ రకాన్ని స్టాక్‌ఫిష్ చదవగలదు. రాజులతో కలిపి 5 పావులలోపు మిగిలిన ప్రతి స్థితికీ గెలుపో, ఓటమో, డ్రానో వీటిలో ముందే తేల్చి ఉంటుంది. ఈ ఫైళ్ళు మొత్తం సుమారు 1 గిగాబైటు. 6 పావులవి దాదాపు 150 గిగాబైట్లు, 7 పావులవి 16 టెరాబైట్లకు పైమాటే. ఇంటి అవసరానికి 5 పావులవి చాలు. వాటిని ఒక ఫోల్డర్‌లో పెట్టి, సిజిజీ పాత్ అనే సెట్టింగులో ఆ ఫోల్డర్ చిరునామా ఇవ్వాలి.

వీటి ఉపయోగం ఒక్క స్థితితో తెలుస్తుంది. తెల్లవారికి రాజు, "ఏ" అక్షరపు నిలువు వరుసలో ఒక బంటు, నల్లగళ్ళలో తిరిగే శకటు ఉన్నాయి. నల్లవారికి రాజు ఒక్కటే, అది ఏ8 మూలలో కూర్చుంది. పావుల లెక్కలో తెల్లవారిది తిరుగులేని ఆధిక్యం, అయినా ఇది డ్రా. ఏ8 తెల్లగడి కాబట్టి ఆ శకటు ఎన్నటికీ రాజును అక్కడి నుంచి కదిలించలేదు. టేబుల్‌బేస్ అమర్చిన ఇంజిన్‌కు దీని మీద ఆలోచనే అక్కర్లేదు, తక్షణమే సున్నా చూపుతుంది. ఇలాంటి స్థితులను ఒకటి రెండు గళ్ళు అటూ ఇటూ మార్చి ఎక్కడ గెలుపు డ్రాగా మారుతుందో చూడటం, చివరి ఆట నేర్చుకోవడానికి నాకు తెలిసినంతలో అతి మంచి పద్ధతి.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఫైలును వెంటనే చెరపకండి. కొత్తదాన్ని అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో ఉంచి, నల్లని విండోలో ఆ మూడు బంట్ల ఎత్తుల పరీక్ష చేసి, "బెస్ట్‌మూవ్ డీ8హెచ్4" వచ్చిన తర్వాత బోర్డు ప్రోగ్రామ్‌లో మరో ఇంజిన్‌గా చేర్చండి. పాత సెట్టింగులు దానికి వాటంతటవే రావు కాబట్టి థ్రెడ్స్, హాష్, సిజిజీ పాత్‌లను మళ్ళీ ఇవ్వాలి.